సప్పుడు లేని బండి

పోయిన నెలలో మా అన్నయ్య మనవరాలు షారోన్ విశాఖపట్నం నుంచి మోటారు సైకిలు మీద వచ్చి మా ఇంటి ముందు దిగింది. వెనక సీటుకి తాళ్లతో కట్టిన పొడుగాటి అట్టపెట్టె. "అమ్మమ్మా, నీ పెరడు నాకీ పూట కావాల" అంది, హెల్మెట్ తియ్యకుండానే. వాళ్ల అపార్టుమెంటులో బండి విప్పితే వాచ్‌మన్ దగ్గర్నుంచి ప్రెసిడెంటు దాకా అందరూ గొడవేనట. పెట్టెలో ఉన్నది సైలెన్సరు. ఈ కాలం పిల్లలు ఎగ్జాస్ట్ అంటున్నారు. కంపెనీ ఇచ్చినది తీసేసి, బయట ఎవరో తయారుచేసినది తెప్పించుకుంది. ఫోను నూతి గట్టుకి ఆనించి, అందులో ఎవడో చెబుతుంటే చూసుకుంటూ, నేను అన్నం వార్చే వేళకి పాతది ఊడదీసి కొత్తది బిగించేసింది. స్టార్టు చేసింది. జామచెట్టు మీది పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. పక్కింటి రిటైర్డు మాస్టారు కిటికీ రెక్కలు ఒకటొకటే మూసుకున్నారు. "సౌండెలగుంది అమ్మమ్మా?" అని అరిచింది షారోన్. నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వి నవ్వి కళ్లనీళ్లు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలోనే కూలబడ్డాను.

పాపం, ఆ పిల్ల ముఖం ముడుచుకుంది. "నిన్ను చూసి నవ్వలేదే తల్లీ" అని బుజ్జగించాను. "మీ తాతా నేనూ ఇదే పెరట్లో ఒక సైలెన్సరు మార్చాం. మా గొడవ వేరు. బండిలోంచి చప్పుడు ఎలా తీసెయ్యాలా అని చచ్చీ చెడీ పాట్లు పడ్డాం" అన్నాను. నమ్మలేదు. ఇప్పుడు నన్నెరిగినవాళ్లు, అంటే చోడవరంలో పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన కృపావతి టీచర్ని ఎరిగినవాళ్లు, ఎవరూ నమ్మరు. ఆ రోజు షారోన్ చేతులు కడుక్కుంటుంటే నీళ్లు పోశాను. పెట్రోలూ గ్రీజూ కలిసిన ఆ వాసన ముక్కుకి తగలగానే నేను ఇంకెక్కడికో వెళ్లిపోయాను. ఇంతకాలం ఎవరికీ చెప్పకపోవడానికి ప్రత్యేకమైన కారణమేమీ లేదు, అడిగినవాళ్లు లేరంతే.

అప్పటికి మాది పెంకుటిల్లు. ముందు వీధి అరుగు, వెనక పెరడు, పెరట్లో నుయ్యి, ఓ పక్కగా వంటపాక. ఇంటి పన్ను నాన్న పేరు మీద ఉండేది గానీ యజమాని మాత్రం మా నాయనమ్మ మార్తమ్మ. ఇంకా వెలుగు రాకముందే లేచి గట్టిగా ప్రార్థన చేసేది. దేవుడికి ఆవిడ వినతులు వినిపించేది కాదు, ఇంటి సంగతులు అప్పజెప్పేది. ఎవరు నిన్న ఏం తప్పు చేశారో, ఎవరికి ఇవాళ ఎలాంటి బుద్ధి కావాలో అంతా పైకే చెప్పేది కాబట్టి, దేవుడితో పాటు మాకూ తెలిసిపోయేది. మా నాన్న అయితే ఆ ప్రార్థన విని తన రోజు ఎలా గడవబోతోందో అంచనా వేసుకునేవారు. ఆమెన్ అన్నాక చోడి అంబలి, అదే రాగి అంబలి, పచ్చి ఉల్లిపాయ, నంజుకోవడానికి కాల్చిన ఎండుచేప. చక్కెర ఫ్యాక్టరీలో క్రషింగు మొదలైతే ఈ వాసనలన్నిటి మీదా చెరుకు మడ్డి వాసన వచ్చి కూచునేది. బయటి ఊరివాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన వస్తే పండగ దగ్గరకొచ్చినట్టే.

నాయనమ్మ చాలా ఏళ్లు సండే స్కూలు నడిపింది. చదువు పెద్దగా లేదు. ఎప్పుడో చిన్నప్పుడు మిషను దొరసానమ్మ దగ్గర పట్టుకున్న ఇంగ్లీషు మాట ఒక్కటే ఒక్కటి ఆవిడ దగ్గరుండేది: సైలెన్స్. గుడి వరండాలో పిల్లలు గోల చేస్తుంటే బెత్తం నేలకేసి కొట్టి, "సైలేన్స్!" అని దీర్ఘం తీసేది. ఆ ఒక్క మాటకి పిల్లలే కాదు, చింతచెట్టు మీది కాకులు కూడా నోరు మూసేవని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ మాట మీద ఆవిడకి గొప్ప నమ్మకం. ఆ మాటే మా కొంప మీదికి తెచ్చింది.

బండి మా చిన తాతయ్యది. మిలటరీలో చేసి వచ్చి వడ్డాదిలో స్థిరపడ్డాడు. మోకాలు అరిగిపోయి కిక్కు కొట్టలేక, ఆ పాత బుల్లెట్టుని మా అన్నయ్య ప్రసాదుకి ఇచ్చేశాడు. అన్నయ్య ఐటీఐలో ఫిట్టరు చదివాడు, నేను టీచరు ట్రైనింగు ముగించుకుని వచ్చాను, ఇద్దరికీ ఏడాదిన్నర తేడా, ఏ పని చేసినా కలిసే చేసేవాళ్లం. వడ్డాది నుంచి తీసుకొస్తుంటే సగం దూరం అది మమ్మల్ని మోసింది, సగం దూరం దాన్ని మేం తోశాం. చోడవరంలో అప్పట్లో సైకిలు షాపులూ, పొలాల్లో నీళ్లు తోడే ఆయిలింజన్లు బాగుచేసేవాళ్లూ తప్ప బుల్లెట్టు తెలిసినవాళ్లు లేరు. అందుచేత మా వంటపాక చూరు కింది చోటే వర్క్‌షాపు అయింది. కార్బురేటరు విప్పి కిరసనాయిల్లో కడగడానికి అమ్మ పిండి కలిపే పళ్లెం తీసుకున్నాం. నట్లు పోకుండా దాచడానికి పోపుల డబ్బా. అతుకుల్లోంచి నూనె కారకుండా పెట్టే కాగితం గాస్కెట్టు చిరిగిపోతే, అంతకుముందు ఏడు వచ్చిన క్రిస్మస్ కార్డు కత్తిరించి పెట్టాం. దాని మీద బొమ్మలో ఉన్న ముగ్గురు జ్ఞానుల్లో ఇద్దరు ఆ ఇంజనులోకి వెళ్లారు. అమ్మ మూడోవాణ్ణి తీసి గోడకి అంటించుకుంది. "పప్పులో కిరసనాయిలు వాసనొస్తే మీరే తినాల" అని రోజూ అనేది, రోజూ అందరం తినేవాళ్లం.

ఇంజను సర్దడంలో నా వంతు నాకుండేది. వాల్వుల్ని ఎత్తే టాపెట్లు సర్దేటప్పుడు లోపలి ఊచ రెండు వేళ్ల మధ్య తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. అన్నయ్య వేళ్లు మొద్దు, ఆ తేడా వాటికి అందేది కాదు. నేను పట్టి చూసి "ఊఁ" అంటే బిగించేవాడు, "ఊహూఁ" అంటే వదులు చేసేవాడు. ప్లగ్గు విప్పితే దాని మూతి పాలు తక్కువైన టీ రంగులో ఉండాలి. నల్లగా మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ తాగుతోంది, తెల్లగా పాలిపోయిందంటే గాలి ఎక్కువైంది. గాలి స్క్రూని ఓ పిసరు లోపలికీ ఓ పిసరు బయటికీ తిప్పుతూ, ఇంజను ఆయాసం తగ్గి ఒకే తీరున కొట్టుకోవడం ఎక్కడ మొదలవుతుందా అని చెవులు రిక్కించి కూచునేవాళ్లం. అది దొరికిన క్షణాన మా ఇద్దరి మొహాలూ ఎలా ఉండేవో అమ్మ ఇప్పటికీ ఉంటే చెప్పేది. చెరుకు కొట్టేసిన పొలాల్లో అన్నయ్య నాకు బండి నేర్పాడు. రెండుసార్లు పడ్డాను, ఒకసారి బండి నా మీద పడింది. చీర కుచ్చిళ్లు దోపుకుని, కిక్కు మీద నిలబడి నా బరువంతా వేస్తే అది స్టార్టయ్యేది. ఆ చప్పుడు కాళ్లలోంచి పైకి పాకి గుండెల దాకా వచ్చేది. అంత సంతోషం నాకు గుళ్లో పాడే పాటల్లో కూడా దొరకలేదు.

ఆ ఏడే నాకు వడ్డాది దారిలో, రోడ్డు మీంచి బాగా లోపలికున్న ఒక పల్లెలో ఉద్యోగమొచ్చింది. ఒకే గది బడి. అందరూ చెరుకు కొట్టేవాళ్ల పిల్లలు. పలకలుండేవి కావు, నేల మీద ఇసకలో రాసేవాళ్లు. నేను గుమ్మంలో అడుగుపెడితే "టీచరమ్మొచ్చీసింది!" అని అరిచేవారు చూడండి, ఆ అరుపు కోసం నేను ఎంత దూరమైనా వెళ్లేదాన్ని. బస్సు దిగి నడిస్తే గంట కొట్టాక చేరేదాన్ని. అందుచేత అన్నయ్య రోజూ బండి మీద దింపేవాడు. ఇంతలో అన్నయ్యకి చక్కెర ఫ్యాక్టరీలో పని దొరికింది, పొద్దుటి షిఫ్టు. క్రిస్మస్ సెలవుల దాకా ఎవరెవరినో బతిమాలి షిఫ్టు మార్చుకున్నాడు, ఆపైన కుదరదన్నారు. టీచరు వేళకి రాకపోతే వేరేవాళ్లని వేసుకుంటామని బడివాళ్లూ చెప్పేశారు. ఒక రాత్రి భోజనాల దగ్గర, అన్నం కలుపుతూ తల ఎత్తకుండా, "నేనే నడుపుకుంటా ఎళ్తాను" అన్నాను.

నాన్న పేపరు పైకెత్తుకున్నారు. తింటూ పేపరు చదవడం ఆయనకి అలవాటు లేదు, ఆ రాత్రే మొదలు.

"ఏటీ?" అంది నాయనమ్మ.

"బండి. నాకొచ్చు."

"నీకొచ్చని నాకు తెల్సు. మోచేతులు గీరుకుపోతే పెరట్లో పడ్డానని సెప్పేవు, పెరట్లో పడితే అలగ గీరుకుపోతాదేటి? ఒసే, ఆడగుంట ఆ దున్నపోతు బండెక్కి డబడబమంటా బజారంట ఎళ్తే ఊరేటంటాదో తెల్సా?"

"ఏటంటాది?"

"సన్యాసిరావు కొట్టుకాడ కూకో, నీకే ఇనపడతాది."

సన్యాసిరావు టైలరు. బజారు మలుపులో ఆయన కొట్టు, కొట్టు ముందు ఒక బల్ల. ఆ బల్ల మీద జాకెట్లకి కొలతలు రాసుకున్నట్టే మనుషులకీ రాసుకునేవారు. ఎవరింటి పిల్ల ఎవరితో నవ్విందో, ఎవరి కోడలు ఎన్నింటికి లేచిందో అక్కడ కుట్టుపడి ఊరంతా తిరిగేది. నాయనమ్మ భయపడిన మనిషి లోకంలో లేడు గానీ ఆ బల్లకి భయపడేది.

అన్నయ్య నాకు సాయం చేద్దామనుకుని నోరు జారాడు. "సప్పుడు గురించయితే బెంగెందుకు నాయనమ్మా? దానికి సైలెన్సరుంది."

"ఏటుందీ?"

"సైలెన్సరు. ఎనకాతల గొట్టం."

నాయనమ్మ ఎంగిలి చెయ్యి కడుక్కుని, లాంతరు పట్టుకుని పెరట్లోకి నడిచింది. వెనకే మేమంతా. బండి దగ్గర ఒంగి, ఆ తుప్పు గొట్టాన్ని ఈ చివర్నుంచి ఆ చివరికి చూసింది. "దీని పేరు సైలెన్సరా? సైలేన్సంటే నోరుముయ్యడం కాదేటి? ఇన్నేళ్లు గుంటలకి నేను సెప్పినదదే కదా! మరిదేటిలా అరుస్తాది? ఆ పేరెట్టుకున్నాక ఆ పని సెయ్యొద్దా?" అని గొట్టం మీద బెత్తంతో కొట్టినట్టే చేత్తో ఒక్కటిచ్చింది. ఆ తరవాత మా వైపు తిరిగి తీర్పు చెప్పింది. "దాని పేరుకి తగ్గట్టు దాన్ని తయారుసెయ్యండి. నేను అరుగుమీద కూకుంటాను. నాకు ఇనపడకుండా ఈ గుంట ఈధిలోంచి ఎళ్లగలిగిందా, బడికీ ఎళ్తాది. ఇనపడిందా, ఉద్యోగం మానీడమే. సెలవులయ్యేలోగా తేల్చండి."

ఇంజనున్న ఏ బండీ చప్పుడు లేకుండా నడవదని అన్నయ్యకీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఒప్పేసుకున్నాం. ఒప్పుకోకపోతే ఇసకలో రాసే ఆ పిల్లల మొహాలు నాకు మరి కనిపించవు.

మొదటి ఉపాయం నాయనమ్మదే. "నోట్లో గుడ్డ కుక్కినట్టు కొబ్బరిపీచు కుక్కండి" అంది. కుక్కాం. నిజంగానే చప్పుడు మెత్తబడింది. అన్నయ్య తల దువ్వుకుని, దొరబాబులా వీధిలోకి తీశాడు. మలుపు దాకా బాగానే వెళ్లాడు. తిరిగొచ్చేటప్పుడు వెనక తెల్లటి పొగ, ఆ పొగలో నిప్పురవ్వలు. మా ఇంటి ముందుకొచ్చేసరికి మండుతున్న పీచు ఉండ ఒకటి తుపాకి గుండులా బయటికొచ్చి కాలవలో పడి చుయ్యిమంది. వీధి వీధంతా పొగ. అరుగు మీది నాయనమ్మ పైట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మన ఇళ్లల్లో ధూపాలెయ్యరు కదరా, ఇదేటి కొత్త మతం?" అంది. నాన్న లోపలికి పరిగెత్తి తలుపు వేసుకుని నవ్వుకున్నారు. ఆయన నవ్వు మాత్రం అందరికీ వినబడింది.

రెండోది అన్నయ్య బుర్రలో పుట్టింది. ఎవరి పొలంలోనో మూలపడున్న ఆయిలింజను గొట్టం తెచ్చి, మా సైలెన్సరు చివర అతికించాడు. గొట్టం పొడుగైతే చప్పుడు దార్లోనే అలిసిపోతుందని వాడి లెక్క. బండి కంటే తోక పొడుగైంది. చప్పుడు అలిసిపోలేదు సరికదా, గొంతు మార్చుకుంది. నేను పెరట్లో స్టార్టు చెయ్యగానే వీధిలోంచి నాయనమ్మ కేకేసింది: "ఒసే, ఎవరిదే ఆ సూడిగేదె? ఈనేటట్టుంది, సూడండి!"

మూడోసారి అన్నయ్య విశాఖపట్నం వెళ్లి, అక్కడ షెడ్డులో సొంతంగా తయారుచేసేవాళ్ల దగ్గర ఒక సైలెన్సరు పట్టుకొచ్చాడు. లావుగా, బుజ్జి పీపాలా ఉంది. లోపల అరలు, అరకీ అరకీ మధ్య చిల్లుల రేకులు. చప్పుడు ఆ చిల్లుల్లో దూరి దూరి నీరసించి బయటపడాలన్న మాట. మా బండి కోసం చేసినది కాదు కాబట్టి ఏదీ ఎక్కడా కుదరలేదు. పట్టీ వంచాం, కొత్త చిల్లు పెట్టాం, అతుకు దగ్గర పొగ కారకుండా వేడికి కాలని ఆస్బెస్టాసు తాడు చుట్టి క్లాంపు వేశాం. స్టార్టు చేస్తే, ఓలమ్మో, ఎంత చల్లగా ఉందో! పక్క గదిలో ఎవరో గురక పెడుతున్నట్టుంది. మేం ఎగిరి గంతేశాం. తీరా ఎక్కి నడిపితే బండి కదలదు. పోలేను పోలేను అంటూ మూలుగుతుంది, రోడ్డు కాస్త ఎత్తైతే ఆగిపోతుంది. ప్లగ్గు విప్పితే బొగ్గు. ఇంజను దగ్గర పైపు మెడ నీలంగా కమిలిపోయింది. పిండి రుబ్బుతున్న అమ్మ తల తిప్పకుండానే అంది: "ముక్కూ నోరూ మూసీసి పరిగెట్టమంటే ఎవరు పరిగెడతారు? మీ నాయనమ్మ ముందు మీ నాన్న ఉన్నట్టుంది దాని బతుకు."

ఆ సెలవులంతా బండికి ఊపిరి సర్దడంతోనే సరిపోయింది. లోపలి గాలి బయటికి పోవడానికి ఇరుకైతే, పెట్రోలూ ఆ మేరకి తగ్గాలి. కార్బురేటరు సూదిని ఒక గాడి కిందికి దించాం. గాలి స్క్రూ తిప్పాం, మళ్లీ తిప్పాం. ప్లగ్గుకి నిప్పురవ్వ పంపే పాయింట్ల మధ్య ఖాళీ పాత బ్లేడ్లతో కొలిచి సర్దాం. టాపెట్లు పట్టుకుని నేను ఎన్నిసార్లు "ఊఁ" అన్నానో, "ఊహూఁ" అన్నానో. రేకుల్లో చిల్లులు కొన్ని పెద్దవి చేసి, కొన్నిటిని అలాగే ఉంచాం. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, చొక్కా అయినా విప్పకుండా వీధి చివరకి నడిచేవారు. అక్కడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడేవారు. తిరిగొచ్చి, నాయనమ్మ చూడకుండా, "కొంచెం ఇనపడతంది. ఇంకో పిసరు" అని గొణిగి లోపలికి పోయేవారు. నా పక్షాన నాన్న ఇంత బాహాటంగా మాట్లాడటం నాకు తెలిసి అదే. నాకు ఆయన కాళ్లు పట్టేసుకోవాలనిపించేది.

షారోన్ ఒక పూటలో తన పని చేసేసుకుంది. దానికి కావలసిన ప్రతి మరా పెట్టెలోనే వచ్చింది, ఎంత బిగించాలో ఫోను చెప్పింది. దాన్ని చూసి నాకు అసూయ లేదు, మెచ్చుకున్నాను కూడా. ఒక్కటే తోచింది. ఆ పిల్ల బండెక్కి రోడ్డు మీద పోవచ్చా లేదా అన్న ప్రశ్న దాని ఇంట్లో ఎవరి నోటా రాలేదు. చప్పుడు ఎక్కువైందని తిట్టేవాళ్లు తిడతారు, అపార్టుమెంటు ప్రెసిడెంటు నోటీసు అంటిస్తాడు. అది చప్పుడు తగువు మాత్రమే. మా రోజుల్లో చప్పుడు పేరు చెప్పి నన్ను తూచారు. అయినా నిజం చెప్పొద్దూ, ఆ సెలవుల్లో నేను పడ్డ ఆనందం, పెరట్లో నలుగురం ఒక ఇంజను చుట్టూ చెవులు పెట్టుకుని కూచున్న ఆనందం, షారోన్‌కి పెట్టెలో వచ్చి ఉండదు. దానికి దక్కినది నాకు దక్కలేదు, నాకు దక్కినది దానికి దక్కలేదు. లెక్క సరిపోయిందో లేదో నాకు తెలీదు.

సెలవుల్లో ఆఖరి శనివారం పరీక్ష. ఆదివారం ఇంట్లో పనిముట్టు ముట్టుకోకూడదు కాబట్టి శనివారమే ముగించాలి. నాయనమ్మ చేటలో బియ్యం పోసుకుని, వీధికి వీపు పెట్టి అరుగు మీద కూచుంది. అన్నయ్య గుమ్మంలో, అమ్మా నాన్నా కిటికీలో. నేను వెనక సందులోంచి బండి తోసుకుంటూ వెళ్లి, వీధి ఆ చివర స్టార్టు చేసి, నెమ్మదిగా బయల్దేరాను. నా గుండె చప్పుడే ఇంజను కంటే గట్టిగా ఉంది. మలుపు తిరిగాను. అరుగు మీద చేట ఉంది. నాయనమ్మ లేదు.

ఆవిడ వీధి మధ్యలో ఉంది. మా కోడిపెట్ట పిల్లల్ని వేసుకుని రోడ్డెక్కితే, అదిలించడానికి దిగిందట. వీపు నా వైపు, ఒంగుని రెండు చేతులూ చాపి "బా బా" అంటోంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క చెరుకు బండి. పక్కనుంచి తప్పించుకుపోయే దారి లేదు. హారను మీట నా బొటనవేలి కిందే ఉంది. నొక్కితే వింటుంది. వింటే ఓడిపోయినట్టే. ఇప్పుడు తలుచుకుంటే నా తలకాయ నేనే బాదుకోవాలనిపిస్తుంది గానీ, ఆ క్షణాన నాకు బడి తప్ప ఏమీ కనబడలేదు. నొక్కలేదు. రెండు బ్రేకులూ బిగించాను. వెనక చక్రం జారి, బండి అడ్డంగా తిరిగి, ముందు చక్రం నాయనమ్మ చీర అంచుని తాకి ఆగింది.

ఆవిడ వెనక్కి తిరిగింది. "యేసయ్యా!" అని అక్కడే దుమ్ములో కూలబడింది. కోడిపిల్లలు తలో దిక్కూ పోయాయి. అన్నయ్య, అమ్మా, నాన్నా అందరూ పరిగెత్తుకొచ్చారు.

"నువ్వెప్పుడొచ్చేవు?" అంది నాయనమ్మ, రొప్పుతూ.

"ఇప్పుడే."

"నాకినపడలేదేటి?"

"ఇనపడకూడదన్నావు కదా."

"హారనెందుకు కొట్టలేదే గుంటా?"

"కొడితే ఇనపడతాది కదా నాయనమ్మా" అన్నాను. అనేసి భోరుమన్నాను.

నా వైపు చూసింది. బండి వైపు చూసింది. అన్నయ్య మెల్లిగా, "అంటే చెల్లి నెగ్గినట్టే..." అనబోతే ఒక్క చూపుతో నోరు మూయించింది. నాన్న చెయ్యి పట్టుకుని లేచి, చీర దులుపుకుంది. "ప్రసాదూ, ఆ గొట్టం పీకీ. పాతది బిగించీ."

నా ప్రాణం పోయినట్టయింది. "నీకినపడలేదు కదా నాయనమ్మా! నువ్వు సెప్పినట్టే సేసేం కదా!"

"అందుకే పీకమంటన్నాను. సప్పుడు లేకుండా ఎనకనుంచొచ్చేది పాము, లేకపోతే దొంగ. నువ్వేటి, ఎవరింటికైనా కన్నమెయ్యడానికెళ్తన్నావా?"

"బడికి..."

"బడికెళ్లేదానివి దాక్కుని ఎళ్లడమేటే? ఎవుడికి బయపడి? ఆ కొట్టు బల్లకి బయపడి నా మనవరాలి చేత ఇలాటి పని సేయిస్తానా నేను? పీకీరా అంటే పీకీ!"

ఆ సాయంత్రం పాత సైలెన్సరు మళ్లీ ఎక్కింది. సూది మళ్లీ ఒక గాడి పైకెక్కింది, స్క్రూ మళ్లీ తిరిగింది. చీకటి పడేముందు నేను కిక్కు కొడితే పెంకులు అదిరాయి. నాన్న ఈసారి ఇంట్లోకి పరిగెత్తలేదు. మా మధ్యనే నిలబడి పగలబడి నవ్వారు.

సోమవారం పొద్దున్న బండి వీధిలో పెట్టి, నేను చీర సర్దుకుంటున్నాను. నాయనమ్మ గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని, చేతిలో బెత్తంతో బయటికొచ్చింది. "నన్నూ ఎక్కించు" అంది. పక్కకి కూచుని, ఒక చెయ్యి నా నడుం చుట్టూ వేసి బిగించి పట్టుకుంది. ఆవిడ నన్ను అంత గట్టిగా పట్టుకోవడం నేను నడక నేర్చుకున్నప్పుడూ లేదేమో. కాలవ గట్టున పోతే దగ్గరన్నాను. "బజారంట పోనీ. నెమ్మదిగా" అంది. బజారంతా గుమ్మాల్లోకొచ్చింది. మలుపు దగ్గర ఆపమంది. టైలరు సన్యాసిరావు మిషను ఆపేసి, మెడలో టేపుతోనే కొట్టు బయటికొచ్చాడు. బల్ల మీదివాళ్లంతా లేచి నిలబడ్డారు.

"ఏటి మార్తమ్మా, ఈ సప్పుడేటి?"

"మా గుంట బడికెళ్తంది. ఇనపడిందా?"

"ఇనపడకేం, సెవులు గళ్లుమన్నాయి."

"రేపూ ఇనపడతాది" అని, నాయనమ్మ నా వీపు మీద తట్టింది. "పోనీయే, బడిలో గంట కొట్టీగలరు."